సెల్లార్‌లో సైకిల్ ఎందుకు ఆగిపోతోంది?

సంపాదకుల గారికి,
నమస్కారం.

సైకిల్ మళ్లీ రోడ్డెక్కింది. ఆదివారం తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు మీదో, నార్సింగి వైపో చూస్తే సంగతి తెలుస్తుంది. లంచ్ బ్యాగు క్యారియర్‌కు కట్టుకుని ఆఫీసుకు వెళ్లేవాళ్లూ కనబడుతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది కూడా. బాగానే ఉంది. కానీ ఏదైనా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి ఒకసారి తొంగి చూడండి. స్తంభానికి ఆనించి, గాలి పోయి, సీటు మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ముతో రెండు మూడు సైకిళ్లు ఉంటాయి. కొన్నవాళ్లకు బద్ధకం అని అనేస్తాం. చాలావరకు అది బద్ధకం కాదు. మొదటి నెల మోకాలి నొప్పి, రెండో నెల వరసగా పంక్చర్లు, ఆ తర్వాత చైన్ కిరకిర, దాంతో సైకిల్ మూలన పడుతుంది. ఈ మూడు జబ్బులకూ మందు ఇంట్లోనే ఉంది. కొనబోయేవాళ్లకూ, కొని వదిలేసినవాళ్లకూ పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాం.

తప్పు దుకాణంలోనే మొదలవుతుంది. కళ్లను లాగేవి లావు టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, రెండు డిస్క్ బ్రేకులు, 21 గేర్లు. కొండదారుల కోసం పుట్టిన ఆకారం అది. చవక రకమైతే 16 నుంచి 18 కిలోలు తూగుతుంది. తారు రోడ్డు మీద ఆ గరుకు టైరు ఒకటే రొద పెడుతుంది. ఆ రొదంతా మీ కాళ్ల కష్టమే. చవక ఫోర్కు సంగతి మరీ విడ్డూరం. లేచి నిలబడి తొక్కితే ప్రతి తొక్కుకూ ముందు భాగం కుంగుతుంది, తొక్కిన బలంలో కొంత స్ప్రింగు మింగేస్తుంది. రెండు వానాకాలాలు తడిసి లోపల తుప్పు పట్టిందంటే ఫోర్కు బిగుసుకుపోతుంది. అక్కడి నుంచి అది ఊరికే మోసే ఇనుము. ఆఫీసుకు పోయి రావడానికి 32 నుంచి 40 మిల్లీమీటర్ల నునుపు టైర్లు, స్ప్రింగు లేని ఫోర్కు, మడ్‌గార్డులూ క్యారియరూ బిగించడానికి ఫ్రేముకు బోల్టు కన్నాలు ఉన్న హైబ్రిడ్ సైకిల్ చాలు. ఆ కన్నాలు ఉన్నాయో లేవో కొనే ముందే వెనక చక్రం ఇరుసు దగ్గర వంగి చూసుకోండి. లేకపోతే తర్వాత క్యారియర్‌కు క్లాంపులు వేసి నానా తిప్పలు పడాలి. ఇప్పటికే లావు టైర్లది కొన్నవాళ్లు దాన్ని అమ్ముకోనక్కర్లేదు. 26 అంగుళాల చక్రమైతే 1.95 అంగుళాల గరుకు టైర్లు తీసేసి 1.5 అంగుళాల నునుపు టైర్లు, వాటికి తగిన ట్యూబులు వేయించండి. మర్నాడు అదే సైకిల్ అంటే నమ్మరు.

మన పాత 28 అంగుళాల సైకిల్‌ను ఇప్పుడు చిన్నచూపు చూస్తారు గానీ, రోజూ పనికి పోయేవాడికి ఏం కావాలో అది చేసినవాళ్లకు బాగా తెలుసు. ప్యాంటు నల్లబడకుండా చైన్‌కు నిండు కవరు, బురద చిమ్మకుండా వెడల్పు మడ్‌గార్డులు, పాల క్యాన్లు మోసే క్యారియర్, డబుల్ స్టాండు, గంట అన్నీ దానితోపాటే వచ్చేవి. ఇవాళ ఇరవై వేలు పెట్టి కొన్న సైకిల్‌కు ఇవన్నీ విడిగా కొనుక్కోవాలి. దానికున్న లోపం ఒక్కటే, తడిసిన ఇనప రిమ్ము మీద రబ్బరు బ్రేకు పట్టదు. వానలో పాత సైకిల్ తొక్కేవాళ్లు నాలుగు బారల ముందు నుంచే బ్రేకు పట్టడం అలవాటు చేసుకోవాలి.

ఇక మోకాలు. నొప్పి అనగానే వయసు మీదకీ, విటమిన్ల మీదకీ పోతారు. ముందు సీటు ఎత్తు చూడండి. సీటు మీద కూర్చుని రెండు కాళ్లూ నేలకు పూర్తిగా ఆనాలని దుకాణంలో సీటు దించి ఇస్తారు. కొనేవాళ్లకూ అదే భద్రంగా అనిపిస్తుంది. అలా తొక్కితే పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు మరీ ముడుచుకుని చిప్ప మీద ఒత్తిడి పడుతుంది. కొలత సులువు. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడి, ఒక అట్టపుస్తకం కాళ్ల సందున సీటులా పైకి గట్టిగా ఆనించి పట్టుకోండి. పుస్తకం పై అంచు నుంచి నేలకు టేపుతో కొలవండి. వచ్చిన సెంటీమీటర్లను 0.883తో హెచ్చించండి. 80 సెంటీమీటర్లు వస్తే 70.6. పెడళ్ల ఇరుసు నడిమి నుంచి సీటు గొట్టం వెంబడే సీటు పైభాగానికి ఆ దూరం ఉండాలి. టేపు లేకపోతే ఇంకో దారి ఉంది. గోడ పట్టుకుని సీటెక్కి, మడమను పెడల్ మీద పెట్టి కిందిదాకా దించండి, కాలు సరిగ్గా చాపుకోవాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కాస్త వంగే ఉంటుంది. నొప్పి మోకాలికి ముందు ఉంటే సీటు తక్కువైనట్టు, వెనక ఉంటే ఎక్కువైనట్టు. మార్చేటప్పుడు ఒక్కసారిగా కాకుండా రెండు మూడు రోజులకోసారి అర సెంటీమీటరు చొప్పున పైకి జరపండి. సీటు గొట్టం మీద ఒక గీత చెక్కి ఉంటుంది. ఆ గీత బయటికి కనబడేంత ఎత్తు లేపకూడదు, గొట్టమో ఫ్రేమో విరుగుతుంది. ఆ ఎత్తూ చాలకపోతే ఫ్రేమే మీకు చిన్నదని అర్థం.

సీటు కుదిరినా నొప్పి తగ్గలేదంటే గేరు చూడాలి. పెద్ద గేరులో బలంగా, నెమ్మదిగా తొక్కితేనే వ్యాయామం అనుకుంటారు. పెడళ్లు నిమిషానికి 70, 80 చుట్లు తిరిగే తేలిక గేరులో తొక్కండి. బంజారా హిల్స్ లాంటి ఎత్తుల్లో ఎక్కడం మొదలుకాక ముందే గేరు దించాలి. సగం ఎక్కాక బలంగా తొక్కుతూ దించితే చైన్ కటకటమని పళ్ల మీద జారుతుంది, ఒక్కోసారి ఊడుతుంది.

గాలి విషయంలో జరిగినన్ని పొరపాట్లు మరెక్కడా జరగవు. బొటనవేలితో నొక్కి 'గట్టిగానే ఉంది' అనుకోవడం వీటిలో మొదటిది. 40 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడికి కొలత) ఉన్న లావు టైరూ, 40 పీఎస్ఐ ఉన్న సన్న టైరూ వేలికి ఒకలాగే గట్టిగా తగులుతాయి. లావు టైరుకు అది సరిపోతుంది, సన్నదానికి చాలదు. డెబ్బై కిలోల మనిషి 32 మిల్లీమీటర్ల వెడల్పున్న 700 x 32 టైర్ల మీద పోతుంటే ముందు 60, వెనక 70 ఉంచుకోవచ్చు. 26 x 1.95కు 40, 45 చాలు. టైరు పక్కగోడ మీద అచ్చువేసిన పెద్ద అంకె దాటకూడని హద్దు. అంతా కొట్టాలని కాదు. ట్యూబు దానంతటదే రోజూ కాస్త గాలి వదులుతుంది, కాబట్టి వారానికోసారి గేజ్ ఉన్న నిలువు పంపుతో సరిచూసుకోవాలి. కొనే వస్తువుల్లో హెల్మెట్ తర్వాత ఇదే ముఖ్యం.

వాల్వులు మూడు రకాలు. పాత సైకిల్‌ది లోపల చిన్న రబ్బరు గొట్టం తొడిగినది. ఆ రబ్బరు ఎండకు పగిలితే రాత్రికి రాత్రి గాలి పోతుంది. చాలామంది పంక్చర్ అనుకుని ట్యూబు విప్పిస్తారు. వాల్వు మీద ఉమ్మి తడి పెట్టి బుడగ వస్తోందేమో చూస్తే, పోయింది రెండు రూపాయల రబ్బరేనని తేలుతుంది. రెండోది స్కూటర్ వాల్వు, ఏ పంక్చర్ దుకాణంలోనైనా పడుతుంది. మూడోది సన్నటి ప్రెస్టా వాల్వు. దీనికి పైన చిన్న నట్టు వదులు చేసి గాలి కొట్టాలి. రోడ్డు పక్క కంప్రెసర్ దీనికి పట్టదు. వేలెడైనా లేని ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వు మీద బిగిస్తే పడుతుంది. అది జేబులో లేక పంపు దొరక్క సైకిల్‌ను ఆటోలో ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఎందరో!

'ఎండకు ట్యూబు పేలింది' అన్నమాట ఏటా ఏప్రిల్‌లో వినబడుతుంది. లెక్క చూడండి. పొద్దున 25 డిగ్రీల్లో 60 పీఎస్ఐ కొట్టిన టైరు ఎండలో 60 డిగ్రీలకు వేడెక్కినా లోపలి ఒత్తిడి 69 దగ్గర ఆగుతుంది. 85కు తట్టుకునే టైరుకు ఇది లెక్కలోది కాదు. పేలడానికి అసలు కారణాలు వేరు. టైరు పక్కగోడ చీలి ఉండటం ఒకటి, బిగించేటప్పుడు ట్యూబు అంచు రిమ్ముకూ టైరుకూ మధ్య నలిగి ఉండటం ఇంకొకటి. నలిగినది తెలుసుకోవాలంటే టైరు ఎక్కించాక గాలి కొట్టే ముందు రెండు వైపులా వేళ్లతో టైరును పక్కకు లాగుతూ చుట్టూ చూడాలి, ట్యూబు ఎక్కడా కనబడకూడదు. తర్వాత 20 పీఎస్ఐ కొట్టి ఇంకోసారి చూసి, అప్పుడు మిగతాది.

మన రోడ్ల మీద పంక్చర్ చేసేవి ముఖ్యంగా మూడు: తుమ్మముల్లు, పల్లేరుకాయ, హైవే అంచున లారీ టైరు పేలినచోట రాలే సన్నటి ఉక్కు తీగముక్క. ఈ మూడోది దొంగ. వెంట్రుకంత సన్నగా టైరులో దిగబడి పైకి కనిపించదు. ప్యాచ్ వేసి వెళ్లిపోతే రెండు కిలోమీటర్లకు మళ్లీ అక్కడే పొడుస్తుంది. అందుకే ట్యూబులో రంధ్రం దొరకగానే పని అయిపోయిందనుకోకండి. టైరు బ్రాండు పేరు ఎప్పుడూ వాల్వు దగ్గరకే వచ్చేట్టు ఎక్కించే అలవాటుంటే, ట్యూబులో రంధ్రం వాల్వుకు ఎంత దూరమో చూసి టైరులో సరిగ్గా అదే చోట వెతకొచ్చు. లోపల వేలితో తడమకండి, తెగుతుంది. దూదో పాత బనియన్ ముక్కో తీసుకుని చుట్టూ తుడిస్తే ముల్లు ఉన్నచోట పీచు చిక్కుకుంటుంది. తీగ తీయడానికి చిన్న పట్టుకారు చాలు.

ప్యాచ్ వేయడంలో అందరూ చేసే తప్పు తొందర. గరుకు కాగితంతో ప్యాచ్ కన్నా కాస్త ఎక్కువ మేర గీకి, పలచగా సొల్యూషన్ రాసి, మూడు నాలుగు నిమిషాలు ఆరనివ్వాలి. తడితడిగా మెరుస్తున్నప్పుడే అంటిస్తే మర్నాటికి అంచు లేస్తుంది. మెరుపు పోయి మసకబారాక ప్యాచ్ పెట్టి బొటనవేలితో నడిమి నుంచి అంచులకు నొక్కాలి. ఒకసారి మూత తీసిన సొల్యూషన్ ట్యూబు కొన్ని నెలల్లో దానంతటదే ఎండిపోతుంది. అవసరం పడ్డ రోజున పిండితే ఏమీ రాదు, కాబట్టి బ్యాగులో మూత తీయనిది ఇంకొకటి ఉంచుకోండి. ట్యూబు మీద పక్కపక్కన రెండు చీలికలుంటే అది ముల్లు పని కాదు. గాలి తక్కువై గోతిలో రిమ్ము అంచుల మధ్య ట్యూబు నలిగిందన్నమాట. రంధ్రం ట్యూబు లోపలి వైపున, రిమ్ముకు తగిలేచోట ఉంటే రిమ్ము టేపు జరిగి స్పోకు కన్నం బయటపడింది. ఆ టేపు సరిచేయకుండా ఎన్ని ప్యాచ్‌లు వేసినా దండగే.

చైన్ గురించి కొద్దిగానే చెబుతాం. ఇంజన్ ఆయిల్ పోయకండి, ధూళిని పిలిచి మరీ అంటించుకుంటుంది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరాక ప్రతి రోలర్ మీద సైకిల్ చైన్ నూనె ఒక్కో చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పి, రాత్రంతా వదిలేసి, పొద్దున పైన మిగిలిన జిడ్డు తుడిచేయండి. నూనె లోపల ఉంటే పని చేస్తుంది, పైన ఉంటే మురికి అవుతుంది. అరుగుదల చూడటానికి ఇనప స్కేలు చాలు. ఒక పిన్ను నడిమిని సున్నా దగ్గర పెడితే కొత్త చైన్‌లో 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను నడిమి కచ్చితంగా కూర్చుంటుంది. అది అంగుళంలో పదహారో వంతు దాటిందంటే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు దాటేదాకా ఊరుకుంటే వెనక పళ్లచక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి, కొత్త చైన్ వాటి మీద జారుతుంది, ఖర్చు మూడింతలవుతుంది.

ఆఫీసు దూరం ఎనిమిది కిలోమీటర్లయితే గంటకు 15 కిలోమీటర్ల నిదానపు వేగంతో అరగంట ప్రయాణం. ఎండాకాలంలో చెమట అంటారు. వీపున బ్యాగు తగిలించుకుంటే చొక్కా తడవకుండా ఎలా ఉంటుంది? బ్యాగును క్యారియర్‌కు దింపండి, చివరి కిలోమీటరు నెమ్మదిగా తొక్కండి, సగం చెమట అక్కడే తగ్గుతుంది. మిగతా సగం ఆఫీసువాళ్ల చేతిలో ఉంది: ఒక స్నానపు గది, ఫ్రేముకు తాళం వేసేందుకు నేలలో పాతిన ఇనప కమ్మీ. చక్రం మాత్రమే పట్టుకునే స్టాండ్లు పెట్టి చేతులు దులుపుకుంటున్నారు. వాటిలో చక్రానికే తాళం పడుతుంది, దొంగ చక్రం వదిలేసి మిగతా సైకిల్ పట్టుకుపోతాడు. యూ ఆకారం తాళంతో ఫ్రేమూ వెనక చక్రమూ కలిపి కమ్మీకి వేయాలి. తీగ తాళం పెద్ద కటింగ్ ప్లయర్‌కు ఆగదు.

రోడ్డు మీద ఎడమ అంచుకు మరీ ఒదిగి పోవడం భద్రం అనుకుంటారు. ఆగి ఉన్న కారు తలుపు తెరుచుకునేది అక్కడే, ఇసుకా గాజుపెంకులూ చేరేది అక్కడే. అంచుకు ఒక మీటరు లోపలికి, సూటిగా పోవాలి. ఫ్రీ లెఫ్ట్ ఉన్న కూడలిలో నేరుగా వెళ్లాల్సినవాళ్లు ముందుగానే వెనక్కి చూసి, చెయ్యి చాపి, ఎడమకు తిరిగే వాహనాల వరస దాటి కుడికి రావాలి. కూడలిలోకి వచ్చాక ఆ పని చేయబోతేనే ప్రమాదం.

2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. అప్పటి లెక్కన నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు, వెడల్పు 4.5 మీటర్లు. నీడన, వాహనాల గొడవ లేకుండా పిల్లలకు గేర్లు నేర్పడానికీ, దూర ప్రయాణాలకు సాధన చేయడానికీ ఇంతకన్నా మంచి చోటు నగరంలో లేదు. అయితే ఇంటి నుంచి ఆ ట్రాక్ దాకా, ట్రాక్ నుంచి ఆఫీసు దాకా పోయే దారి సంగతేమిటి? సైకిల్‌ను కారు వెనక తగిలించుకుని సైకిల్ తొక్కడానికి వెళ్లడం కొంచెం నవ్వొచ్చే విషయమే.

దూర ప్రయాణాల ఉత్సాహమూ పెరిగింది. బ్రెవే అనే పరీక్షల్లో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటల గడువు. నాలుగూ ఒకే సీజన్‌లో పూర్తి చేసినవాళ్లను సూపర్ రాండనీర్ అంటారు. వీటన్నిటికీ పెద్ద పండగ లాంటిది ఫ్రాన్స్‌లో 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్. నాలుగేళ్లకోసారి జరుగుతుంది, 1200 కిలోమీటర్లు, 90 గంటలు. 2023లో మన దేశం నుంచి పెద్ద బృందమే వెళ్లింది, తర్వాతిది 2027లో. ఇవి పోటీలు కావు, ముందొచ్చినా గడువు చివర్లో వచ్చినా ఒకటే గౌరవం. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ వెళ్లి వస్తే దాదాపు 200. గంటకు 20 చొప్పున తొక్కితే పది గంటలు, ఆగడానికి మూడున్నర గంటలు మిగులుతాయి. ఓడిపోయేవాళ్లు కాళ్లు చాలక ఓడిపోరు. టిఫిన్ దగ్గర నలభై నిమిషాలు, చాయ్ దగ్గర ఇరవై, ఫొటోలకు ఇంకో ఇరవై, అలా గడువు కరిగిపోతుంది.

దారిలో గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు తాగాలి, కానీ ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది. లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా మీద కుప్ప లేకుండా సమంగా కొలిచి కలుపుకోండి. ఉప్పు మజ్జిగ దొరికితే మరీ మంచిది. ఇడ్లీ, అరటిపండు గంటకోసారి కొంచెం కొంచెం తినాలి. పూరీ, బజ్జీ తిని తొక్కితే కడుపే ఆపేస్తుంది. సంచిలో రెండు ట్యూబులు, ప్లాస్టిక్ టైరు లీవర్లు, చేతి పంపు, 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు, మీ చైన్‌కు సరిపోయే అతుకు లింకు ఉండాలి. ప్లాస్టిక్‌వే ఎందుకంటే బండ్ల టైర్లు విప్పే ఇనప పట్టాలు సన్నటి అల్యూమినియం రిమ్ము అంచును వంచేస్తాయి. వెనక చక్రంలో స్పోకు విరిగితే కంగారు పడకండి. విరిగిన ముక్కను పక్క స్పోకుకు చుట్టి, రిమ్ము బ్రేకు రాసుకుంటుంటే దాన్ని కాస్త వదులు చేసి, ముందు బ్రేకుతో నిదానంగా పోవచ్చు. కొత్త సైకిల్ 150, 200 కిలోమీటర్లు తిరిగాక స్పోకులు వదులవుతాయి. అప్పుడే ఒకసారి చక్రం బెండు తీయిస్తే ఈ అవస్థ చాలావరకు రాదు. సైకిల్ అమ్మేవాళ్లు ఈ ఒక్క మాట రసీదు మీద రాసిస్తే బాగుండు.

చివరిగా మున్సిపాలిటీలకు ఒక విన్నపం. వాననీటి కాలువల మీద వేసే ఇనప జాలీలకు కమ్మీలు చాలాచోట్ల రోడ్డు పొడవునే ఉంటాయి. రెండు కమ్మీల మధ్య సందు రెండు వేళ్లు దాటితే సైకిల్ ముందు చక్రం అందులో దిగిపోతుంది, తొక్కేవాడు హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. నీళ్లు నిలిచిన రోజున ఆ జాలీ కనబడదు కూడా. దీనికి కొత్త ట్రాకులు, టెండర్లు అక్కర్లేదు. జాలీ చదరంగా ఉన్నచోట ఇద్దరు మనుషులు గడ్డపారతో లేపి, అడ్డంగా తిప్పి, మళ్లీ అదే గుంటలో కూర్చోబెడితే సరి. పొడుగు జాలీలున్నచోట అడ్డంగా మూడు ఇనప పట్టీలు వెల్డింగ్ చేస్తే చాలు. వానాకాలం పూడికతీతకు ఎలాగూ ప్రతి జాలీ లేపుతారు, ఆ పూటే ఇదీ చేయవచ్చు.

ఇట్లు,
రోజూ సైకిల్ తొక్కే కొందరు పాఠకులు,
సికింద్రాబాద్.